విశ్లేషణా? వకాల్తానా? టీవీ రాజకీయ చర్చలు వినే విశ్వాసికి కొన్ని గుర్తులు

సాయంత్రం ఏడు దాటితే మన ఇళ్ళలో టీవీలు గొంతు పెంచుతాయి. నలుగురు కూర్చుని నలుగురూ ఒకేసారి మాట్లాడే చర్చలు మొదలవుతాయి. పక్కింట్లో వేరే ఛానల్ నడుస్తుంటుంది. అదే రోజు, అదే అసెంబ్లీ, అదే సంఘటన. అయినా ఈ ఇంటివారికి ఒక రాష్ట్రం, ఆ ఇంటివారికి మరో రాష్ట్రం కనిపిస్తుంది. ఆదివారం ఆ రెండిళ్ళవారూ ఒకే మందిరంలో పక్కపక్కన కూర్చోవాలి. ఎన్నికల కాలంలో అదెంత కష్టమో సంఘ పెద్దలకు మేము వేరే చెప్పనక్కరలేదు. యవనస్థుల వాట్సాప్ గ్రూపులో ప్రార్థన మనవుల మధ్య ఒక వీడియో ముక్క పడుతుంది. రాత్రికల్లా ఇద్దరు గ్రూపు వదిలి వెళ్ళిపోతారు.

ఏ పార్టీ మంచిదో, ఏ ఛానల్ చెడ్డదో చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. రాజకీయ వ్యాఖ్యాత అనే మనిషి ఎలా పుట్టాడు, ఎలా పని చేస్తాడు, అతని మాటను ఎలా తూచాలి అన్నదే ఇక్కడ విషయం. మేము చెప్పదలచింది ఒక్కటే. ఒక మనిషికి ఒక పక్షం ఉండటం తప్పు కాదు. ఆ పక్షాన్ని దాచిపెట్టి తీర్పరిలా మాట్లాడటం తప్పు. ఆ మాటను పరీక్షించకుండా పది మందికి పంపితే ఆ తప్పులో మనకూ పాలు ఉంటుంది.

రెండు మాటలు, వాటి కథ

ఇంగ్లీషువారు రాజకీయ వ్యాఖ్యాతను 'పండిట్' అంటారు. అది మన 'పండితుడు' అన్న మాటే. ఈస్టిండియా కంపెనీ కాలంలో ఇంగ్లీషు జడ్జీలకు హిందూ ధర్మశాస్త్రం తెలియదు కనుక కోర్టుల్లో పండితులను నియమించేవారు. ఫలానా తగాదాలో శాస్త్రం ఏం చెబుతోందని జడ్జి అడిగితే పండితుడు వివరించేవాడు. 1864లో ఆ పదవులు రద్దయ్యాయి, మాట మాత్రం ఇంగ్లీషులో నిలిచిపోయింది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ పండితుడు వాది మనిషి కాడు, ప్రతివాది మనిషీ కాడు. తీర్పు చెప్పేవాడికి తెలివి అందించడం అతని పని. నేటి చర్చలో తీర్పు చెప్పేది మనం, అంటే ఓటరు. మనకు తెలివి అందించాల్సినవాడు ఎవరి తరఫున కూర్చున్నాడన్నదే ప్రశ్న.

రెండో మాట 'స్పిన్'. క్రికెట్ చూసేవారికి ఇది తెలిసిందే. బంతి అదే, పిచ్ అదే. వేళ్ళు తిప్పిన తీరులో బంతి పడ్డాక దారి మారుతుంది. రాజకీయాల్లో ఈ మాట బాగా వ్యాప్తిలోకి వచ్చింది 1984 అక్టోబరులో, అమెరికా అధ్యక్ష అభ్యర్థులు రీగన్, మాండేల్ టీవీ చర్చల సమయంలో. చర్చ ముగియగానే ఇరువైపుల మనుషులు విలేఖరుల గదిలోకి వచ్చి గెలిచింది తమవాడేనని నచ్చజెప్పేవారు. ఓడినట్టు అందరికీ కనిపించినా సరే, వారి పని వారు చేసేవారు. మన భాషలో దీనికి అంతకంటే మంచి మాటే ఉంది: మసిపూసి మారేడుకాయ చేయడం. స్పిన్ అంటే ప్రతిసారీ పచ్చి అబద్ధం కాదు. చాలాసార్లు అందులో నిజం ముక్కలే ఉంటాయి. వాటిని ఏరుకున్న తీరులో, పేర్చిన తీరులో, వదిలేసిన తీరులో మోసం ఉంటుంది. అందుకే దాన్ని పట్టుకోవడం కష్టం.

అమెరికాలో రుజువైన సంగతులు

వ్యాఖ్యాతల మీద అనుమానాలు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి. అమెరికాలో మాత్రం కొన్ని కోర్టు కాగితాల్లో, అంగీకారాల్లో, పత్రికా పరిశోధనల్లో బయటపడ్డాయి. అందుకే ముందు అక్కడికి వెళ్దాం.

1949 నుంచి అక్కడి రేడియో, టీవీ స్టేషన్లకు ఒక నియమం ఉండేది. వివాదం ఉన్న ప్రజా విషయాల మీద మాట్లాడాలి, భిన్నమైన అభిప్రాయాలకూ చోటివ్వాలి. 1987లో ఆ నియమాన్ని ఎత్తివేశారు. మరుసటి ఏడాదే రష్ లింబా అనే వ్యాఖ్యాత రేడియో కార్యక్రమం దేశమంతటా మొదలై, ఒకే పక్షం మాట్లాడినా లక్షలాది శ్రోతలు వస్తారని చూపింది. 1996లో ఎంఎస్‌ఎన్‌బీసీ, ఫాక్స్ న్యూస్ వచ్చాయి. ఇరవైనాలుగు గంటలూ నింపాలంటే ఊరూరా విలేఖరులను పంపడం ఖర్చు. నాలుగు కుర్చీలు వేసి నలుగురిని కూర్చోబెట్టడం చవక. మన దగ్గర కూడా చర్చలు పెరగడానికి ఈ లెక్క ఒక కారణం.

ఇప్పుడు నాలుగు ఉదాహరణలు.

2005 జనవరిలో ఆర్మ్‌స్ట్రాంగ్ విలియమ్స్ అనే టీవీ వ్యాఖ్యాత సంగతి బయటపడింది. బుష్ ప్రభుత్వపు విద్యా చట్టాన్ని తన కార్యక్రమాల్లో మెచ్చుకోవడానికి ఆయనకు విద్యాశాఖ నుంచి 2,40,000 డాలర్ల ఒప్పందం ఉంది. ఆయన ఆ చట్టాన్ని నిజంగానే ఇష్టపడి ఉండవచ్చు. కానీ డబ్బు సంగతి వినేవారికి చెప్పలేదు.

2008 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ మరో సంగతి రాసింది. ఇరాక్ యుద్ధం గురించి టీవీల్లో స్వతంత్ర నిపుణులుగా కనిపించిన అనేకమంది మాజీ సైనికాధికారులకు రక్షణశాఖే మాటలు అందించేది. వారిలో చాలామందికి సైన్యంతో వ్యాపారం చేసే కంపెనీలతో సంబంధాలున్నాయి. ఆ పరిశోధనకు 2009లో పులిట్జర్ బహుమతి వచ్చింది.

మొదటి ఉదాహరణ ఒక పక్షానిదైతే, ఇది రెండో పక్షానిది. 2016లో డోనా బ్రెజిల్ సీఎన్‌ఎన్‌లో వ్యాఖ్యాత, డెమోక్రటిక్ పార్టీలో నాయకురాలు కూడా. ఛానల్ కార్యక్రమాల్లో అడగబోయే ప్రశ్నల గురించి ఆమె హిల్లరీ క్లింటన్ ప్రచార బృందానికి ముందే సమాచారం పంపినట్టు ఈమెయిళ్ళలో బయటపడింది. సీఎన్‌ఎన్ ఆమెతో సంబంధం తెంచుకుంది. ఆ తరువాత 2017లో ఆమె తన తప్పు ఒప్పుకున్నారు.

నాలుగోది అన్నిటికంటే పెద్దది. 2020 ఎన్నికల్లో డొమినియన్ అనే కంపెనీ ఓటింగ్ యంత్రాలు ఓట్లు మార్చాయన్న ఆరోపణలు ఫాక్స్ న్యూస్‌లో ప్రసారమయ్యాయి. కంపెనీ దావా వేసింది. కోర్టుకు చేరిన అంతర్గత సందేశాలు చూస్తే, ఆ ఛానల్లోని కొందరు ప్రముఖ యాంకర్లు, పెద్దలు ఆ ఆరోపణలను తామే నమ్మలేదని తేలింది. కాదని గట్టిగా చెబితే ప్రేక్షకులు వేరే ఛానల్‌కు వెళ్ళిపోతారన్న భయం ఆ సందేశాల్లో ఉంది. ఆ మాటలు అబద్ధమని విచారణకు ముందే జడ్జి తేల్చారు. 2023 ఏప్రిల్ 18న ఛానల్ 78.75 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

ఈ నాలుగింటిలో మొదటి మూడు, ఎవరి మనిషో చెప్పకుండా మాట్లాడిన సంగతులు. నాలుగోది వేరు. అక్కడ ఛానల్‌ను నడిపించింది ప్రేక్షకుల ఇష్టమే. మనం వినాలనుకున్నదే వారు వినిపించారు. కనుక నింద అంతా స్టూడియోలోనే ఉందని మనం చేతులు కడుక్కోలేము.

మన నేల మీద

తమిళనాడులో కలైంజ్ఞర్ టీవీ, జయ టీవీ ఏ పార్టీ వైపో పేరులోనే తెలిసిపోయేది. అందులో ఒక విధమైన నిజాయితీ ఉంది. తెలుగునాట పేర్లలో తెలియకపోయినా, ఏ పత్రిక, ఏ ఛానల్ ఎవరికి అనుకూలమో పాఠకులకు కంఠతా వచ్చు. ఛానల్ సంగతి అందరికీ తెలుసు కానీ, దానిలో కూర్చున్న మనిషి సంగతి తెలియదు. నిన్నటి వరకు పార్టీ అధికార ప్రతినిధిగా ఉన్నవారి పేరు కింద ఈరోజు 'రాజకీయ విశ్లేషకులు' అని పడుతుంది. 'సీనియర్ జర్నలిస్టు' అన్న రెండు మాటల వెనుక ఏముందో తెరమీద ఎవరూ రాయరు.

డబ్బు తీసుకుని వార్త రాయడం మన దగ్గర రుజువు కాని నింద కాదు. 2009 ఎన్నికల తరువాత 'పెయిడ్ న్యూస్' మీద ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేసింది. వారిలో ఒకరు పరంజయ్ గుహా ఠాకుర్తా, మరొకరు మన తెలుగు పాత్రికేయుడు కె.శ్రీనివాసరెడ్డి. వారి పూర్తి నివేదికను కౌన్సిల్ 2010లో బయటపెట్టలేదు, క్లుప్తంగా మరో నివేదిక ఇచ్చింది. సమాచార హక్కు కింద ఆదేశం వచ్చాక 2011లో పూర్తి నివేదిక వెలుగు చూసింది. డబ్బుకో, మరో లాభానికో అచ్చయ్యే వార్త గానీ విశ్లేషణ గానీ 'పెయిడ్ న్యూస్' అని అందులో నిర్వచించారు. 'విశ్లేషణ' అన్న మాటను ఆ నిర్వచనంలో చేర్చారన్నది గుర్తుపెట్టుకోవాలి. 2011 అక్టోబరులో ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్‌ను, అలాంటి వార్తల ఖర్చును లెక్కల్లో చూపనందుకు ఎన్నికల కమిషన్ మూడేళ్ళు అనర్హురాలిగా ప్రకటించింది.

ఇక జోస్యాల సంగతి. 2018 తెలంగాణ ఎన్నికల్లో మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ ప్రజాకూటమిదే పైచేయి అన్నారు. 119 సీట్లలో టీఆర్‌ఎస్ 88 గెలిచింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం గెలుస్తుందన్నారు. 175లో వైఎస్సార్‌సీపీ 151 గెలిచింది. అప్పుడాయన ఇక సర్వేలకు దూరంగా ఉంటానని ప్రకటించారు. తప్పు చెప్పినవారిలో అలా బహిరంగంగా వెనక్కి తగ్గినవారు అరుదు కనుక ఆ మాట గౌరవంతోనే చెబుతున్నాము. 2024లో వైఎస్సార్‌సీపీ మళ్ళీ గెలుస్తుందని లెక్కలు చెప్పిన సంస్థలూ ఉన్నాయి. ఆ పార్టీకి 11 సీట్లు వచ్చాయి. ఫిలిప్ టెట్‌లాక్ అనే పరిశోధకుడు 284 మంది నిపుణుల జోస్యాలను దాదాపు ఇరవై ఏళ్ళు లెక్కగట్టి 2005లో పుస్తకం రాశారు. ఎంత పేరున్న నిపుణుడైతే అంత ఎక్కువగా తప్పిపోయే ధోరణి ఉందని ఆయన తేల్చారు. 'అయితే కావచ్చు' అనేవారిని టీవీలు పిలవవు, 'రాసిపెట్టుకోండి' అనేవారిని పిలుస్తాయి.

పేర్లు మార్చి చూడండి

స్పిన్‌ను పట్టుకోవడానికి మాకు తెలిసిన అన్నిటికంటే సులువైన పరీక్ష ఇది. 2019లో తెలుగుదేశానికి దాదాపు 39 శాతం ఓట్లు, 23 సీట్లు వచ్చాయి. 2024లో వైఎస్సార్‌సీపీకి కూడా దాదాపు 39 శాతం ఓట్లు, 11 సీట్లు వచ్చాయి. రెండు ఓటములూ ఇంచుమించు ఒకే కొలతవి. ఓడినవారి తరఫు వ్యాఖ్యాత శాతాన్ని చూపి, పదిమందిలో నలుగురు మావెంటే ఉన్నారు అనవచ్చు. గెలిచినవారి తరఫు వ్యాఖ్యాత సీట్లను చూపి, ప్రజలు వారిని ఊడ్చేశారు అనవచ్చు. రెండు అంకెలూ నిజమే. 2019లో సీట్లు చూపినవారు 2024లో శాతం చూపుతుంటే, 2019లో శాతం చూపినవారు ఇప్పుడు సీట్లే చూపుతుంటే, అది విశ్లేషణ కాదు, వకాల్తా. నిజమైన విశ్లేషకుడు రెండుసార్లూ రెండు అంకెలూ చెబుతాడు.

మిగిలిన పద్ధతులను క్లుప్తంగా చెబుతాము.

ప్రశ్న గుర్తు: 'ఫలానా నాయకుడు పార్టీ మారుతున్నారా?' అని తెరమీద పడుతుంది. అడిగారే తప్ప చెప్పలేదు కనుక రేపు జవాబు చెప్పనక్కరలేదు. వినేవాడి మనసులో మాత్రం అది జరిగిపోయినట్టే నిలుస్తుంది.

పేరులేని సాక్షి: 'విశ్వసనీయ వర్గాలు', 'పార్టీలో చర్చ', 'జనం అనుకుంటున్నారు'. కొన్నిసార్లు పేరు దాచడం అవసరమే, ప్రాణభయం ఉండవచ్చు. కానీ రోజూ ప్రతి వార్తకూ వర్గాలే ఆధారమైతే ఆ వర్గాలు స్టూడియోలోనే ఉన్నాయేమో చూడాలి.

ఎదురు ప్రశ్న: ఈ తప్పు జరిగిందా లేదా అని అడిగితే, 'అప్పుడు వాళ్ళు చేయలేదా?' అని జవాబు. ఇద్దరూ తప్పు చేశారని తేలినా మొదటి ప్రశ్న అలాగే ఉంటుంది.

కత్తిరింపు: గంట ప్రసంగంలో పది సెకన్లు. ముందు 'మా ప్రత్యర్థులు ఇలా అంటారు' అన్న మాట తీసేస్తే, ఎదుటివారి మాట ఆయన నోట సొంత మాట అయిపోతుంది.

ముగ్గురు ఒకవైపు, ఒకడు ఒకవైపు: చర్చ పేరు ఉంటుంది, కానీ రెండోవైపు మాట్లాడేవారికి మైకు అందదు. లేదా మాటకారి కానివారినే ఎంచి పిలుస్తారు.

అహాబు ముందున్న నాలుగు వందల మంది

ఈ వృత్తి కొత్తది కాదని మొదటి రాజుల గ్రంథం 22వ అధ్యాయం చదివితే తెలుస్తుంది. రామోత్గిలాదు మీదికి యుద్ధానికి వెళ్ళాలా వద్దా అని అహాబు అడిగితే నాలుగు వందల మంది ప్రవక్తలు ఒక్క గొంతుతో వెళ్ళమన్నారు. యెహోషాపాతుకు అనుమానం వచ్చింది. ఇంకెవరూ లేరా అని అడిగాడు. ఒకడున్నాడు కానీ నా గురించి మంచి చెప్పడు, అతడంటే నాకు గిట్టదు అన్నాడు రాజు. మీకాయాను పిలవడానికి వెళ్ళిన దూత, అందరూ ఒకే మాట చెప్పారు, నువ్వూ ఆ మాటే చెప్పు అని దారిలోనే నచ్చజెప్పాడు. చర్చకు ముందు మాటలు అందించే పని ఆ దూత ఆనాడే చేశాడు.

మనం ఆ కథలో మీకాయాను మెచ్చుకుంటాము. కానీ మనం ఎక్కువగా అహాబు కుర్చీలో కూర్చుంటామని మరచిపోతాము. మనకు గిట్టని మాట చెప్పే ఛానల్‌ను మార్చేస్తాము. యెహోషాపాతు అడిగిన ప్రశ్న, 'ఇంకెవరూ లేరా?' అన్నది, రోజుకు ఒక్కసారైనా రిమోట్ పట్టుకుని అడగవలసిన ప్రశ్న.

వినేటప్పుడు అడగవలసినవి

ఇతడు ఎవరు? విలేఖరి చూసింది చెబుతాడు. విశ్లేషకుడు దాని అర్థం చెబుతాడు. అధికార ప్రతినిధి పార్టీ మాట చెబుతాడు. ముగ్గురి మాటా వినవచ్చు, ఒకే తూకంతో తూచకూడదు.

ఇతడు తన పక్షానికి నష్టం కలిగే నిజం ఎప్పుడైనా చెప్పాడా? ఏడాదిలో ఒక్కసారి కూడా చెప్పకపోతే అతడు చెప్పేది ముందే తెలుసు, వినడం దండగ.

కిందటిసారి ఏం చెప్పాడు, ఏం జరిగింది? తప్పైతే ఒప్పుకున్నాడా?

రెండో పక్షం మాట వారి నోటనే విన్నానా? ముందుగా వాదించినవాడు న్యాయవంతుడిలా కనిపిస్తాడని, పొరుగువాడు వచ్చాక అతడి సంగతి తేలుతుందని సామెతల గ్రంథం ఏనాడో హెచ్చరించింది.

ఇది విన్నాక నాకు విషయం తెలిసిందా, కోపం మాత్రమే వచ్చిందా?

ఒక ప్రసారం నిజంగా తప్పుదారి పట్టించిందనిపిస్తే, గ్రూపులో తిట్టడం కాక వేరే దారి ఉంది. కేబుల్ టీవీ నియమాలకు 2021లో చేసిన సవరణ ప్రకారం మొదట ఆ ఛానల్‌కే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పదిహేను రోజుల్లో వారు నిర్ణయం చెప్పాలి. తృప్తి లేకపోతే ఆ ఛానల్ సభ్యత్వం ఉన్న స్వయం నియంత్రణ సంస్థకు, ఆ తరువాత కేంద్ర ప్రభుత్వానికి వెళ్ళవచ్చు. పత్రికల విషయంలో ముందు ఎడిటర్‌కు, తరువాత ప్రెస్ కౌన్సిల్‌కు రాయాలి. కౌన్సిల్ జరిమానా వేయలేదు, మందలించగలదు. ప్రసారమైన తేదీ, సమయం, కార్యక్రమం పేరు రాసిపెట్టుకోకపోతే ఏ ఫిర్యాదూ నిలవదు.

సంఘంలో

మందిరం ప్రచార వేదిక కాకూడదన్నది ఎన్నికల ప్రవర్తనా నియమావళి మాట కూడా. మతం పేరుతో ఓటు అడగడం ఎన్నికల చట్టం ప్రకారం అక్రమ పద్ధతి అని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం విస్తృతార్థంలో తీర్పు చెప్పింది. అయితే చట్టం కంటే ముందు మన సాక్ష్యం సంగతి ఆలోచించాలి. పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞ పలికినవాడికే కాదు. లేని వర్తమానం పుట్టించడాన్ని, దుష్టుడితో చేతులు కలపడాన్ని నిర్గమకాండం 23వ అధ్యాయం ఒకే చోట మందలిస్తుంది. ఫార్వర్డ్ మీట నొక్కిన వేలు సాక్షి బోనులో నిలబడినట్టే.

ఇంకో మాట నొప్పి కలిగించినా చెప్పాలి. మన సంఘాల మీద, మన కాపరుల మీద ఒక టీవీ చర్చలో కత్తిరించిన వీడియో వేస్తే మనకు ఎంత బాధ కలుగుతుంది! పూర్తి మాట వినకుండా ఎలా తీర్పు చెప్పారని అడుగుతాము. అదే కత్తిరింపు మనకు గిట్టని నాయకుడి మీద, వేరే మతం వారి మీద వస్తే నవ్వుకుని పంపిస్తాము. మనకు జరిగినప్పుడు అన్యాయమైనది ఇతరులకు జరిగినప్పుడు వార్త ఎలా అవుతుంది? ఇక్కడ కూడా పేర్లు మార్చి చూడాలి.

రాజకీయాలు వదిలేయమని మేము అనడం లేదు. ఓటు వేయాలి, ప్రశ్నించాలి, వాదించాలి. ఒకే సంఘంలో రెండు పార్టీలకు ఓటు వేసేవారు ఉండటం విడ్డూరం కాదు. కానీ మనం వాదించుకునేటప్పుడు స్టూడియోలో నిన్న రాత్రి విన్న మాటలను అప్పుగా తెచ్చుకుంటున్నామా, మనం చూసి, చదివి, తెలుసుకున్నదే మాట్లాడుతున్నామా అన్నది చూసుకోవాలి. ఆ చర్చలో అరుచుకున్న ఇద్దరూ కార్యక్రమం అయ్యాక టీ తాగి ఇళ్ళకు వెళ్ళిపోతారు. వారి మాటల కోసం పోట్లాడుకున్న మనవాళ్ళు ఇద్దరు మాత్రం వచ్చే ఆదివారం ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఈ వారం అలాంటివారు మీ సంఘంలో ఉంటే, ముందుగా పలకరించేవారు మీరే కండి.